వెనక గదిలో గంట

“మొదట్లో ఆ గంట ఎంత ఉందనుకున్నారు? నా బొటనవేలంత. అబద్ధమాడితే నా నాలుక తెగిపడాలి” అన్నాడు పాతాళం బాబాయి, సగం బెంచీ తనే ఆక్రమించుకుని.

బాబాయి పగలు కోత మిల్లులో దుంగలు కోస్తాడు, పొద్దుగూకాక ఈ టీ కొట్టు దగ్గర కోతలు కోస్తాడు. సెలవు దొరికితే గునపం భుజాన వేసుకుని, ఎక్కడ పాత గోడ కూల్చినా అక్కడ వాలిపోతాడు. తాళాలు, నాణేలు, విరిగిన బొమ్మలు, పురాతనమని అనిపిస్తే చాలు ఇంటికి చేరిపోతాయి. వెనక గదిలో మంచం వేసుకునే చోటు కూడా మిగలకపోయేసరికి, ఆ గది ఖాళీ అయితేనే వస్తానని పిన్ని పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ బాబాయికి ఇంటికి వెళ్ళే తొందర లేదు. ఆ సాయంత్రం ముసురు పట్టింది, రేకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి, మాకూ లేవబుద్ధి కాలేదు.

“పాత గిడ్డంగి కూలుస్తుంటే పునాదిలో తళుక్కుమంది. అంటే, మసిబొగ్గులా ఉందనుకో, నా కంటికి తళుక్కుమంది. పైన కొక్కెం కనిపిస్తే అదే గంట అనుకున్నా. గునపంతో కదిపితే కింద చెంబంత ఉంది. ఇంకాస్త తవ్వితే కాగంత. నేను తవ్వుతూనే ఉన్నా, అది దిగుతూనే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నీళ్ళు పడ్డాయా?” అన్నాడు టీ కొట్టు మామ.

“వెటకారాలొద్దు. క్రేను తెప్పించా, దాని నడుం విరిగింది. ఇంకో క్రేను తెస్తే డ్రైవరు దణ్ణం పెట్టి పారిపోయాడు. చివరికి నేనే కొక్కెంలో తువ్వాలు దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగు లాగా. వచ్చేసింది. దాంతోపాటు పక్కింటి బావి కూడా వచ్చేసింది.”

“బావి కూడానా?”

“నీళ్ళతో సహా. మళ్ళీ దాని చోట దాన్ని పెట్టే వచ్చాలే, ఒకరి సొమ్ము మనకెందుకు.”

అందరం నవ్వాం. బెంచీ చివర కూర్చున్న పాత సామాన్ల కొట్టాయన మాత్రం నవ్వలేదు.

“ఇంటికి తెచ్చి ఇటుక పొడితో తోమా. తోమగా తోమగా నలుపంతా పోయి ఏం మెరుపనుకున్నావు. అర్ధరాత్రి వెనక గది కిటికీ తెరిస్తే, తెల్లారిందనుకుని వీధిలో కోళ్ళన్నీ కూసేవి. మీ పిన్నికి నిద్ర కరువైంది పాపం. అందుకే అలిగింది, చోటు లేక కాదు.”

“మరి మోగించలేదా బాబాయీ?” అన్నాను.

“ఒక్కసారి. చిటికెన వేలితో తాకానంతే. మా మిల్లు కాపలాదారు, పుట్టు చెవిటివాడు, ‘ఎవర్రా అది’ అని లేచాడు. నేల చీలి, ఏ కాలం నాటి సైనికులో, దుమ్ము దులుపుకుంటూ వీధంతా వరస కట్టారు. ‘యుద్ధం ఎక్కడ దొరా?’ అని నన్నడిగారు. నాకు జాలేసింది రా. ఇన్నేళ్ళు మట్టిలో ఉండి కూడా ఎవరో పిలుస్తారని చెవులు రిక్కించుకునే ఉన్నారు. ‘మీ రాజూ లేడు, యుద్ధమూ లేదు, వెళ్ళి పడుకోండి నాయనా’ అన్నా. ఒక్కొక్కడే వెళ్ళి పడుకున్నాడు. మళ్ళీ మోగిస్తే ఒట్టు. ఇప్పటికీ వెనక గదిలో గోనెపట్టా కప్పి ఉంచా. దాని సంగతి నలుగురికీ తెలిసిన రోజున మీ పిన్నే పరిగెత్తుకుంటూ వస్తుంది, చూస్తుండండి.”

“వెనక గదిలో లేదన్నా” అన్నాడు పాత సామాన్లాయన మెల్లగా. “నిన్న పొద్దున అన్నిటితోపాటు తోపుడు బండి మీద నువ్వే తెచ్చి నా త్రాసులో వేశావు. పిడికెడు ఇత్తడి గంట. అంచున ఏ అక్షరాలుండేవో, నువ్వు తోమి తోమి అరగదీశావు. ఆ నలుపైనా ఉంచి ఉంటే పాత వస్తువులు కొనేవాళ్ళు కళ్ళకద్దుకునేవాళ్ళు. ఇవాళ మధ్యాహ్నమే కరిగించడానికి పంపేశాను.”

బాబాయి మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

“అంటే గది ఖాళీ చేసేశావా?” అన్నాడు మామ. “మంచిపనేగా. చెల్లెమ్మకి చెప్పావా?”

“కబురు పంపా.” బాబాయి ఖాళీ గ్లాసును పంచె కొంగుతో తుడవడం మొదలుపెట్టాడు. “అక్కడే అలవాటైపోయిందట. ఇక రానంది.”

రోజూ అడిగే అలవాటు కొద్దీ నా నోటి నుంచి అదే మాట వచ్చింది.

“ఆ తర్వాత ఏమైంది బాబాయీ?”

“ఆ తర్వాత ఏముందిరా” అన్నాడు, గ్లాసు తుడుస్తూనే. “ఏమీ లేదు.”