అలక గదికి మంజూరైన నిధి

నిలువ నీడ లేక బస్టాండు బల్లల మీద పడుకున్న యువతను వెదకి తెచ్చేందుకు ప్రభుత్వం వద్ద నిధులుంటాయి. ఆ పిల్లలు బల్లల దాకా పోకముందే ఆపగలిగిన ఇరుగుపొరుగు వారికి ఇచ్చేందుకు మాత్రం ఎందుకుండవు? ఈ ప్రశ్నకు మన సమీక్షా సమావేశాలలో ఏదీ ఇంతవరకు సమాధానం ఇవ్వలేదు. తేనీటి విరామం మాత్రం ప్రతి సమావేశమూ ఇచ్చింది.

ఆ ప్రశ్నను మన కార్యాలయంలో తొలిసారి కాగితం మీద పెట్టి, నేడు పదవీ విరమణ చేస్తున్న మాన్య సహోద్యోగి 1989 జూలై మూడవ తేదీన యువజన సంక్షేమ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరారు. తపాలా విభాగంలో కొంతకాలం, జమాఖర్చుల విభాగంలో చాలాకాలం పనిచేసి, స్వచ్ఛంద సంస్థలకు నిధులు మంజూరు చేసే విభాగానికి సూపరింటెండెంటు అయ్యారు. ఒక్క కొర్రీ అయినా వేయనిదే ఏ దస్త్రాన్నీ పైకి పంపని నిష్ఠ వారిది. అందువల్ల 'కొర్రీల సారు' అన్న బిరుదు వారికి పదోన్నతి కంటే ముందే లభించింది. "కూర కుదిరిందా అని అడిగితే, ఏ ప్రమాణం ప్రకారం అంటారండీ ఈయన" అని వారి శ్రీమతి గారు వాపోవడం మనలో చాలామంది విన్నదే.

వారు ఆ స్థానంలో కుదురుకుంటున్న రోజులలో కుట్టు దుకాణం నడిపే ఒక మహిళ, తన వీధి వారితో కలసి, నిధి కోసం దరఖాస్తు చేసుకున్నారు. దుకాణం పైనున్న గదిని వారు అలక గది అని పిలుచుకునేవారు. ఇంట్లో మాటా మాటా పెరిగి, సంచి భుజాన వేసుకుని బయటపడిన పిల్లలు వీధుల పాలు కాకుండా ఆ గదిలో అలిగి కూర్చోవచ్చు. ఫలానా చోట ఉన్నారన్న కబురు ఇంటికి వెళుతుంది. ఈలోగా వీధిలోని పెద్దలు ఉభయ పక్షాల కోపాన్నీ చల్లారుస్తారు. దరఖాస్తులో 'ఆశ్రయం కోల్పోయిన లబ్ధిదారుల సంఖ్య' అన్న చోట వారు నిజాయితీగా సున్నా వేశారు. లబ్ధిదారులే లేని సంస్థకు నిధి ఏమిటని మన శాఖ, ఈ సూపరింటెండెంటు గారి సంతకంతోనే, దానిని తిప్పి పంపింది. సాఫల్యాన్ని వైఫల్యంగా లెక్కగట్టగల విద్య మన శాఖకే చెల్లింది. ఆనాడు 'అలక గది' అన్న పేరు చూసి పగలబడి నవ్విన వారిలో కొందరు ఈ వీడ్కోలు సంచికను ఇప్పుడు చదువుతూ ఉంటారు.

ఆ మహిళ మెడలో కొలతల టేపు తీయకుండానే మరునాడు కార్యాలయానికి వచ్చారు.

"మా గదికొచ్చిన పిల్లల్లో ఒక్కరూ రోడ్డున పడలేదు సార్, అందుకే సున్నా. మీ లెక్క కుదరాలంటే ఇద్దర్ని తోసెయ్యమంటారా?"

"అది సరేనమ్మా. అలక అంటే ఏమిటి? నిర్వచనం లేదిందులో."

"రాయడం నాకు రాదు గానీ చూపిస్తా రండి. పైన ఒకమ్మాయి కూర్చునుంది. నెలాఖరుకి అద్దె కట్టకపోతే ఇంటాయన తాళం వేస్తానంటున్నాడు, ఆ తర్వాత చూద్దామన్నా ఉండదు."

సూపరింటెండెంటు గారు వెళ్లారు. గుడ్డ పీలికల మూటలు పేర్చిన మెట్ల పైన చిన్న గది. ఒక పరుపు, ఒక ఫ్యాను. సంచిని ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఒక యువతి కూర్చుని ఉంది. తండ్రి చేర్చిన కోర్సును చెప్పకుండా మానేసిందట. చొక్కా నిండా నిప్పురవ్వల చిల్లులతో, వెల్డింగ్ పని చేసే ఆ తండ్రి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఈయనెవరు? దాని తరఫా?" అన్నాడాయన.

"గవర్నమెంటు తరఫు. నోరు జాగ్రత్త" అన్నారు దుకాణం ఆవిడ.

మధ్యవర్తిత్వం ఎరుగని మన సూపరింటెండెంటు గారు తమకు తెలిసిన పనే చేశారు. కొర్రీ వేశారు.

"ఇంటి గడప తొక్కొద్దన్నారట. ఎంతకాలం?"

"ఎంతకాలమేంటి సార్? కోపంలో అన్నాను."

"కోపానికి గడువుండాలి కదా."

"అదొచ్చి తప్పైపోయిందనేదాకా!"

"వచ్చి అనాలంటే గడప తొక్కాలి. తొక్కొద్దన్నారు. మరెలా?"

గోడ వైపు తిరిగిన భుజాలు కదిలాయి. అది ఏడుపు కాదు.

"నవ్వకే!" అన్నాడు తండ్రి, తన నవ్వు ఆపుకోలేక. "ఇంటికి పద. మీ అమ్మ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"రేపొస్తా నాన్నా. ఇవాళ వస్తే మళ్లీ అరుచుకుంటాం."

తండ్రి దుకాణం ఆవిడ వైపు చూసి తలూపాడు. ఆ ఒక్క రాత్రికి ఆమెకు ఒక పరుపు ఉంది. గదికి తాళం పడి ఉంటే బస్టాండు బల్ల ఉండేది. ఆ పైన మన శాఖ దృష్టిలో ఆమె అర్హురాలు కూడా అయ్యేది. ఒక గది అద్దె సొమ్ముతో ఏమేమి తప్పించవచ్చునో సూపరింటెండెంటు గారు మెట్లు దిగేలోగా గ్రహించారు.

శిక్షణా తరగతుల పద్దులో మిగిలిన సొమ్ము నుంచి, నిబంధనల పరిధిలోనే, నెలాఖరుకు ముందే ఆ గది అద్దెకు అనుమతి సాధించారు. అనంతరం 'వీధిన పడకుండా నిలిచిన వారు' అన్న గడిని దరఖాస్తులో చేర్పించి, నివారణ కోసమే ప్రత్యేక పద్దు తెరవాలని ప్రతిపాదించారు. ఆర్థిక శాఖ వేసిన కొర్రీలకు అంతకు మించిన ఓర్పుతో జవాబులు వ్రాస్తూ, పద్దు తెరిపించేదాకా ఆ శాఖకు ఊపిరి సలపనివ్వలేదు. నేడు గ్రంథాలయాల వెనుక, ఖాళీపడ్డ తపాలా కార్యాలయాలలో, మరెన్నో దుకాణాల పైన అటువంటి గదులు నడుస్తున్నాయి. వాటికి ఆధారమైన ఆ పద్దు గడువు ఈ ఆర్థిక సంవత్సరంతో ముగుస్తుంది. పునరుద్ధరణ దస్త్రం మీద ఎవరో 'ఫలితములు కంటికి కనబడుట లేదు' అని వ్రాశారు. జరగకుండా ఆగిన అనర్థం కంటికి ఎలా కనబడుతుందో ఆ వ్రాసిన వారే సెలవివ్వాలి.

మన సూపరింటెండెంటు గారు ఆయురారోగ్యాలతో, శ్రీమతి గారి కూరను కొర్రీ వేయకుండా మెచ్చుకునే తీరికతో, మనుమల అలకలు తీర్చే ఓపికతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని ఆకాంక్షిద్దాం. ఆకాంక్షకు ఖర్చు లేదు. అందుకే మనం అందులో ఉదారులం. పునరుద్ధరణ దస్త్రం మాత్రం ఇప్పటికీ మూడవ అంతస్తులోనే ఉంది. దానిపై సంతకం చేయవలసిన వారు మీలోనే ఉన్నారు. పుష్పగుచ్ఛం పట్టుకుని వీడ్కోలు సభ వేదిక ఎక్కేలోపు ఆ సంతకం చేసి రండి.