గుమ్మడికాయకు జాగ ఇడిసిన కట్టయ్య

ఆగు, ఆ కుర్చీ మీద గాదు, దాని కాలు ఇరిగింది. మొన్న మీ మామ కూసున్న కాడి సంది అట్లనే ఉన్నది. ఈ బల్ల మీద కూసో. ఏందో బోర్డుల దుకాణం పెడ్తానవట గదా. నాకెట్ల తెల్సిందంటవా? మీ అమ్మ పూలమ్మ బోరింగు కాడికి బిందె పట్టుకొని వస్తది, బిందె నిండేలోపల మీ ఇంటి సంగతంత వాడకు నింపిపోతది. లైటు బోర్డులట, రేడియం స్టిక్కర్లట. మంచిదే. హన్మకొండ చౌరస్తాల పాత దుకాణాలోళ్లు పాతుకొని కూసున్నరు, వాళ్ల నడుమ నేనెట్ల నిలవడాలె అని ఫికర్ పడ్తానవట. నన్నడిగితే నేనేం జెప్త? నేను చాయ్ పోసేటోణ్ని. గని కట్టయ్య సంగతి ఎర్కేనా నీకు? ఎర్క ఉండది లే, అప్పుడు నువ్వు లాగు ఏస్తే ఇప్పుకొని ఉరికేటోనివి.

తెలంగాణ గొడవలు సల్లవడ్డంక, డెబ్బై రెండో మూడో. అప్పుడు వరంగల్ చౌరస్తాల బోర్డు అంటే కిషన్ రావు సారుదే. మంచోడు సారు. ఆయన మంచితనం గురించి ఆయిననే అందరికి జెప్పేది, మనకు శ్రమ లేకుండ. ఎవరన్న బోర్డు కావాలని పోతే ముందుగాల కూసోవెట్టి, తను రాసిన పాత బోర్డుల ముచ్చట జెప్పి, ఆఖరుకు పండుగ పోయినంక రా అనేది. పండుగ పోయినంక పోతే ఇంకో పండుగ జెప్పేది. బోర్డు కింద మూలకు తన పేరు రాసుకునేది. దుకాణం పేరు కంటె జర చిన్నగ, అంతే.

ఈ కట్టయ్యది పరకాల దిక్కు. సారు కాడ పనికి కుదిరిండు. పనంటే ఏంది, సారు అక్షరాలకు గీతలు గీస్తడు, ఈన ఆ గీతల నడుమ రంగు నింపుతడు. ఎన్నేండ్లు నింపిండో. ఒక స్టూలు ఉండె ఆయనకు, పొట్టిది, దాని మీద కూసుంటే మోకాళ్లు గదుమకు తగిలేటియి. ఒకనాడు ధైర్యం జేసి, సారూ, ఒక్క బోర్డు మొదటి సంది నేనే రాస్త, జర సూడుండ్రి అన్నడు. సారు కోపం గూడ జెయ్యలే. "నీది నింపే చెయ్యిరా కట్టయ్యా, గీసే చెయ్యి గాదు" అన్నడు. నేనప్పుడు ఆడ చాయ్ గ్లాసులు ఏరుకుంటాన. కట్టయ్య చేతిల కుంచె కిరసనాయిల్ల కడిగి, తుడిచి, డబ్బల పెట్టి ఎల్లిపోయిండు. సారు ఆడున్నోళ్లందరికి ఇనవడేటట్టు, "దసరా దాక సూడుండ్రి, మల్ల వస్తడు, స్టూలు అట్లనే ఉండనీ" అన్నడు. ఇగ మన చౌరస్తా ఎట్లాంటిదో ఎర్కే గదా, ఆనాటి సంది అందరి కన్ను ఆ స్టూలు మీదనే.

కట్టయ్య మట్టెవాడల ఒక అర్ర తీసుకున్నడు. దొరికి దొరికి పిండిగిర్ని పక్కన దొరికింది. పచ్చి రంగు మీద జొన్నపిండి వచ్చి వాలేది. గిర్ని బందయినంక రాసేది, లేకుంటే దుప్పటి కట్టి రాసేది. నీ లెక్కనే అనుకున్నడు గావచ్చు, రేటు తక్కువ జెప్త, తొందర ఇస్త, నేనే మోసుకపోయి గోడకు బిగిచ్చి వస్త, ఎందుకు రారు అని. రాలే. వచ్చినయన్ని చిన్న పనులు, సైకిళ్ల మడ్గార్డు మీద పేర్లు, గోడల మీద ఇచ్చట మూత్రం పోయరాదు అనేటియి. ఊరు మీద కట్టయ్య రాతల అందరు సూసింది అదే. సూసుకుంటనే పోసేది, అది వేరే ముచ్చట. పెండ్లాము సమ్మమ్మ బీడీలు జేసేది, దాని మీదనే ఇల్లు నడుస్తాంది. కట్టయ్యకు ఒకటే గుబులు. చౌరస్తా దిక్కు పేరున్న దుకాణానికి ఒక్క బోర్డు రాయాలె, దసరా లోపల రాయాలె. లేకుంటే పోయి ఆ స్టూలు మీద కూసోవాలె, అందరు సూస్తాంటే.

అప్పుడే బట్టల బజార్ల వెంకట్రాజం సేటు దుకాణం కొత్తగ సున్నమేసిండు. పెండ్లిళ్ల దినాలు, బోర్డు తొందరగ కావాలె. కిషన్ రావు సారు అలవాటు కొద్ది పండుగ పోయినంక అన్నడు. ఇగ దారిలేక సేటు కట్టయ్యకు ఇచ్చిండు. కట్టయ్య పానం పెట్టి రాసిండు. ఆకుపచ్చ రంగేసి, మీద పసుపుపచ్చ అక్షరాలు, వాటికి ఎర్ర నీడ. చౌరస్తా మలుపు కాడ నిలవడితే కూడ పేరు మెరిసేది. కిషన్ రావు సారే రిక్షాల పోవుకుంట తల తిప్పి సూసిండట, రిక్షాయన జెప్పిండు. రిక్షాయన మాటంటే నేను సగమే నమ్ముత, గని ఆ సగం జాలు.

ఇగ వచ్చింది అమాస. వెంకట్రాజం తల్లి భద్రమ్మ. సేటు దుకాణంల యజమాని ఎవలంటే సేటు, సేటుకు యజమాని భద్రమ్మ. ఆమె తమ్ముడు నర్సంపేట నుంచి బూడిద గుమ్మడికాయ పంపిండు. పొట్టి పిలగాడంత ఉండె. పసుపు కుంకుమ పెట్టి, ఉట్టిల ఏసి, నిమ్మకాయలు మిరపకాయలు గుచ్చి, దుకాణం ముందట కట్టిపిచ్చింది. కొక్కెం ఏడున్నది? బోర్డు నడుమకు. కాయ వచ్చి సీదా పేరు ముందట ఏలవడ్డది. ఇగ ఆ బోర్డు మీద ఏం కనవడ్తది? అటు జరంత ఆకుపచ్చ, ఇటు జరంత ఆకుపచ్చ, నడుమ గుమ్మడికాయ.

కట్టయ్య రోజూ ఆ బజారు మీదికెల్లే పోయేది, తన బోర్డు సూసుకునేదానికి. ఒకనాడు పెండ్లిబట్టలకు వచ్చిన ఊరోళ్లు ఆ గుమ్మడికాయ కిందనే నిలవడి, వెంకట్రాజం దుకాణం ఏడ అని అడుగుతాన్లు. పక్క దుకాణపాయిన ఎంత మంచోడు, ఇదే ఇదే అని తన దుకాణంలకు తీస్కపోయిండు. ఇదంత కట్టయ్య సూసిండు. అగో అక్కడ బుద్ధి తప్పిండు. తెల్లారి దుకాణాలు తెరవకముందు నిచ్చెనేసుకొని ఎక్కి, ఉట్టి ఇప్పి, కాయను పక్కకు జరిపి కట్టిండు. మూరెడంత జరిపిండు గావచ్చు. నువ్వు నవ్వుతానవ్. కట్టిన దిష్టికాయ కుళ్లి దానంతటది రాలాలె, లేకుంటే ఇంటి పెద్దది తీసెయ్యాలె. పరాయోడు ముట్టుకుంటడా? రంగులేసేటాయిన, అక్షరం వంకరవోతే తెలుస్తది గని ఇది తెల్వకపాయె.

అదే వారం వెంకట్రాజం స్కూటర్ మీదికెల్లి పడ్డడు. ఆయన స్కూటర్ నేర్సిన కాడి సంది పడ్తనే ఉన్నడు, అది ఎవ్వలు లెక్కవెట్టలే. బీరువల చీరెలు ఎలుకలు కొట్టినయి. భద్రమ్మ వచ్చి దుకాణం ముందట నిలవడి పైకి సూసింది. కాయ జరిగి ఉన్నది. దించిపిచ్చి సూస్తే తెల్లగ బూడిద పట్టిన కాయ మీద ఆకుపచ్చ బొటనేలు ముద్ర. ఊర్ల ఆకుపచ్చ బొటనేలు ఎవనికుంటది? పోలీసోళ్లకు గూడ అంత తొందర దొరకరు దొంగలు.

ఆమె లొల్లి జెయ్యలే. అరుగు మీద కూసొని వచ్చినోళ్లకు, పోయేటోళ్లకు ఒక్కటే మాట జెప్పింది. "బోర్డు రాయమంటే మా దిష్టికాయ మీద చెయ్యేసిండు. ఆ చెయ్యితోని ఇంకెవలికి రాస్తడో సూస్త." ఇగ అయిపాయె. మడ్గార్డు మీద రాపిచ్చుకున్నోడు గూడ మల్ల చెరిపిచ్చుకున్నడు. బతుకమ్మ దగ్గరికొస్తాంది. చౌరస్తాల కిషన్ రావు సారు ఆ స్టూలును రుమాలుతోని తుడిచి, రోడ్డు మీదికి కనవడేటట్టు ముందలికి జరిపిండు. అది నేను నా కండ్లతోని సూసిన.

కట్టయ్య ఇంట్ల మంచం పట్టిండు. రోగం లేదు, ఉత్తగనే పట్టిండు. రేపు సారు కాడికి పోత అన్నడట. సమ్మమ్మ బీడీలు జేసుడు ఆపలే, తల గూడ ఎత్తలే. "పో. గని ముందుగాల ఆ ముసలమ్మ కాడికి పోయి తిట్లు తినిరా. చేసింది నువ్వు, తిట్లు నేను తింటాన బజార్ల." సమ్మమ్మ మాటలు బీడీ ఆకు కత్తిరిచ్చినట్టే ఉంటుండె, ఎచ్చుతక్కువ ఉండది.

కట్టయ్య సంతల ఒక గుమ్మడికాయ కొని, నెత్తి మీద పెట్టుకొని భద్రమ్మ ఇంటికి పోయిండు. ఆమె చేటల బియ్యం ఏరుతాంది. సూసింది, సూసి తిట్లు అందుకున్నది. వాని తాత కాడి సంది మొదలువెట్టింది. కట్టయ్య కాయ నెత్తి మీదనే పెట్టుకొని ఇనుకుంట నిలవడ్డడు. మెడ గుంజుతాంది, దించుమని ఆమె అన్లే, ఈన దించలే. తిట్లు ఒడిసినయి, బియ్యం గూడ ఒడిసినయి. అప్పుడు అడిగిండు. "అమ్మా, ఈ కాయ ఏడ కడ్తవో సూపియ్యి. బోర్డు దించి మల్ల రాస్త. నువ్వు సూపిచ్చిన జాగ ఇడిసిపెట్టి పేరు రాస్త."

ఆమె చేట పక్కకు పెట్టింది. కొంగు సవరిచ్చుకొని లేచి, ముందట ఆమె, ఎనుక నెత్తి మీద కాయతోని కట్టయ్య, బజారు మీదికెల్లి దుకాణానికి నడిచిన్లు. దుకాణాలోళ్లందరు బేరం ఇడిసిపెట్టి సూస్తాన్లు. ఆమె రోడ్డు నడుమ నిలవడి, ఇటు సూసి అటు సూసి, ఏలు పెట్టి సూపిచ్చింది. ఏడ సూపిచ్చిందంటవ్? నడుమకు గాదు. ఎడమ మూలకు. ఎందుకంటే ఎదురుంగ చీరెల దుకాణపోని గల్లా సీదా ఆ మూలకే ఉన్నది, వాని కన్ను పడేది ఆడనే అని ఆమె లెక్క. మరి నడుమ ఎందుకు కట్టినవమ్మా అంటే, కొక్కెం ఆడ కొట్టిన్లు, నన్నెవలు అడిగిన్లు అన్నది. గింతే సంగతి. ఎవ్వలు అడగలే.

కట్టయ్య కొక్కెం మూలకు కొట్టిండు. బోర్డు దించి, ఆ మూల ఇడిసిపెట్టి, పేరు కుడి దిక్కు నిండుగ రాసిండు. ఇడిసిన జాగను ఉత్తగ ఉంచలే, చుట్టూ సన్నగ తీగె లెక్క గీసిండు, కాయ ఉన్నా అందమే, రాలినా అందమే. భద్రమ్మ తన చెయ్యితోని కాయ కట్టిపిచ్చింది. మల్ల అదే అరుగు మీద కూసొని, వచ్చినోళ్లకు పోయేటోళ్లకు కొత్త మాట మొదలువెట్టింది. బోర్డు రాసేటోడు వచ్చి నన్ను అడిగి రాసిండు అని. ఇగ సూడు, బజార్ల ఎంతమంది సేట్లున్నరో అంతమంది తల్లులున్నరు, అత్తలున్నరు. నన్నెందుకు అడగలే అని ఇంట్ల పంచాయితీలు. ఒక్కొక్క సేటు మొఖం అటు పెట్టుకొని కట్టయ్య గిర్ని పక్కకు రావట్టిండు. కట్టయ్య దుకాణం గాదు, ముందుగాల వాళ్ల ఇంటికి పోయేది. ముసలమ్మను అడిగి, ఆమె సూపిచ్చినంకనే సుద్దదారం కొట్టి బోర్డు మీద గీత పెట్టేది.

దసరా వచ్చింది. పాలపిట్టను సూసి, జమ్మి తీసుకొని కట్టయ్య కిషన్ రావు సారు కాడికి పోయిండు. ఎంతైన పని నేర్పినోడు గదా. మా అందరికి కాళ్లు ఆడనే అంటుకపోయినయి, కూసుంటడా కూసోడా అని. సారు చేతిల జమ్మి పెట్టి కాళ్లు మొక్కిండు. సారు స్టూలు సూపిచ్చి కూసో అన్నడు. కూసున్నడు. చాయ్ తాగిండు, నా హోటల్ చాయే. తాగి లేచిండు. సారు నన్ను జర అటు పోరా అని, మెల్లగ అడిగిండు. "ఆ ముసలమ్మకు ఏం జెప్పినవ్రా కట్టయ్యా?" నేను అటు పోలే. "ఏం జెప్పలే సారు. అడిగిన." సారుకు కోపమొచ్చింది. పని నేర్పిన నా కాడనే గుట్టు దాస్తాండు అనుకున్నడు.

ఇగ సారు తనే గుట్టు కనిపెట్టిండు. ఆ ఏడాది రాసిన బోర్డులన్నిట్ల నడుమ గుండ్రంగ జాగ ఇడిసిపెట్టిండు, గుమ్మడికాయకని. ఎవల్నీ అడగలే, ఆయన ఎందుకడుగుతడు. వాళ్ల అమ్మలేమో తమకు తోచిన కాడ కట్టిన్లు, కాయ అక్షరాల మీద, జాగేమో ఉత్తగ. చౌరస్తా సంది హన్మకొండ దాక బోర్డులన్నిటికి నడినెత్తిన బట్టతల వచ్చినట్టుండె. చానా దినాలు అట్లనే ఉన్నయి.

కట్టయ్య మల్ల ఆ స్టూలు కాడికి పోలే, దసరాకు తప్ప. దసరాకు మటుకు పోయేది, జమ్మి పెట్టేది, కూసునేది. సారు పోయినంక గూడ ఆ స్టూలు ఉండె. కట్టయ్య పోయి ఎన్నేండ్లయింది, ఎక్కువనే అయింది. దగ్గు పట్టి పోయిండు, దవాఖానల. సమ్మమ్మ బిడ్డ కాడికి పరకాల పోయింది. ఆయన రాసిన బోర్డు వెంకట్రాజం దుకాణం మీద మొన్నమొన్నటి దాక ఉన్నది. ఇప్పుడు కొడుకు తీసేసి లైటు బోర్డు పెట్టిచ్చిండు, నువ్వు పెడ్త అంటానవే, అసొంటిదే. హన్మకొండల పెద్ద దుకాణపోళ్లు జేసిన్లు. లోపల ట్యూబులైట్లు, మెరుస్తాంది. భద్రమ్మ లేదు గని కోడలున్నది గదా. ఆమె కాయ కట్టిచ్చింది. పొద్దుమీకి లైటు ఏసినంక పోయి సూడు, తెల్లటి వెలుతురు నడుమ నల్లగ గుండ్రంగ, గ్రహణం పట్టినట్టు ఉంటది. పేరు మాత్రం సదువ రాదు.

మొన్న అంగట్ల మీ అమ్మ కలిసింది. చంకల గుమ్మడికాయ. ఏందక్కా, కూరకా అంటే, కూరకు గాదు, కొడుకు దుకాణానికి అన్నది. నీ దుకాణం మీద బోర్డు పేరు ఎట్ల రాయాల్నో, ఏ రంగు ఎయ్యాల్నో అన్ని ఇంట్ల జెప్పినవట గని, మీ అమ్మ ఆ కాయ ఏడ కడ్తదట?

ఏందట్ల సూస్తానవ్.

చాయ్ తాగు, మీగడ కట్టింది.