ఎరుపు మచ్చకి ఆనుకుని

మళ్ళీ అదే మాట! ఎరుపు తీసేసి ఆకుపచ్చ పెట్టమంటే పెట్టేయడానికి ఇదేమన్నా చర్చి గోడకి రంగులెయ్యడమా మామయ్యా?

కూర్చో ముందు. ఆ బుట్ట అటు పెట్టు, పీతలు బయటికి పాకుతున్నాయి. సర్వే ఆఫీసుకి పీతలు పట్టుకొస్తారా ఎవరైనా! నీ అక్క పంపిందా? ఆవిడే అయ్యుంటుందిలే. నాతో మాట్లాడ్డం మానేసింది గానీ పీతలు పంపడం మానలేదు మా అమ్మ.

ఏమనుకుంటున్నారు ఊళ్ళో? వసితికి లబాసా టౌన్లో ఉద్యోగం దొరికింది, ఇంక మన నావులాని ఊరు మునిగినా దానికేం పట్టదనేగా? తల దించుకోకు. నాకు తెలుసులే.

నేను పుట్టింది ఆ ఇసుక మీద కాదూ! పౌర్ణమి పోటుకి నీళ్ళు వంటింట్లోకొస్తే అమ్మ పొయ్యిని బల్ల మీదకెక్కించి వండటం నేను చూడలేదా? చేమదుంపల తోటకి ఉప్పెక్కి ఆకులు మాడిపోవడం చూడలేదా? తాత సమాధికి దణ్ణం పెట్టాలంటే ఇప్పుడు పడవ కావాలి. ఊరిని కొండ పక్కకి మార్చే ప్రాజెక్టు వచ్చిందంటే అందరికంటే ముందు గంతులేసింది ఎవరు? ఆ సర్వే పని నాకే ఇవ్వండని అడిగి మరీ తీసుకున్నాను!

ఇలా రా, స్క్రీన్ దగ్గరికి. కరవదులే. ఇది మన కొండ. విమానంలోంచి కొలిచిన ఎత్తులు ఒక పొర. నేను జీపీఎస్ కర్ర పట్టుకుని తిరిగి కొలిచినవి ఇంకో పొర. మట్టి, వాగులు, వాలు... ఒకదాని మీద ఒకటి పరిస్తే, ప్రమాదమున్న చోటల్లా ఎరుపు, లేని చోట ఆకుపచ్చ వస్తుంది. అదిగో, కొత్త ఊరికి మీరు చూపించిన చోటు. దాని నెత్తిన గరిటెతో తోడేసినట్టు గుంట ఉందా? ఎప్పుడో కొండచరియ విరిగిన చోటది. చెట్లు కమ్మేశాయి, కంటికి కనపడదు. ఆ మట్టి జారొచ్చి పరుచుకుంటేనే కింద చదును ఏర్పడింది. దాని మీద బడి కడతామంటున్నాం మనం.

నేనూ నమ్మలేదు. మళ్ళీ వెళ్ళి ఎక్కాను. పైన నేల నోరు తెరుచుకుని ఉంది మామయ్యా. చెయ్యి పెడితే మోచేతి దాకా పోయింది. లోపల చల్లగా నీళ్ళు తగిలాయి.

వేరే చోటే లేదా అంటావు. ఎందుకు లేదు! ఇదిగో, ఈ పై గట్టు. గట్టి రాతినేల, మంచినీటి ఊట. ఎవరిది? మనదే. ఎవరి చేతిలో ఉంది? హోటలు వాళ్ళ చేతిలో, తొంభై తొమ్మిదేళ్ళ కౌలుకి! యంగోనా తాగుతూ ఆ గిన్నె చుట్టూ కూర్చుని పెద్దలంతా ఊఁ అన్నారు, నువ్వూ ఊఁ అన్నావు. అక్కడ గోల్ఫ్ ఆడుకుంటారట.

అబ్బే, ఎత్తిపొడవడం లేదు. అప్పట్లో సముద్రం చర్చికి ఎంత దూరంలో ఉండేది! ఎవరనుకున్నారు? ఆ హోటలు మేనేజర్నీ అడిగి చూశాను. కాఫీ ఇచ్చాడు, బోలెడు జాలిపడ్డాడు, గేటు దాకా వచ్చి పంపించాడు.

ఇక రాజధాని సువా నుంచి వచ్చే ప్రాజెక్టు ఆఫీసరు, విమ్లేష్ గారు. మంచాయన, అదే నా ఖర్మ! "ఎరుపు చూపిస్తే ఫైలు వెనక్కి పోతుంది వసితి గారూ. మీ వెనక ఎన్ని ఊళ్ళు కాచుకుని ఉన్నాయో తెలుసుగా. మీవాళ్ళు ఆ ఇసుక మీదే ఉండిపోతారు. ఈలోగా తుఫానొస్తే?" అన్నాడు. జవాబు నువ్వు చెప్పు. నీ దగ్గరుందా?

ఆకుపచ్చ చేసి సంతకం పెడితే కొండ కింద. పెట్టకపోతే నీళ్ళ కింద.

పెట్టలేదు.

ఆగు, లేవకు! ఎవర్ని బతిమాలడానికి? అసలు సంగతి వినకుండానే? నా సంతకంతో పనే లేదిప్పుడు. ఇంకో కంపెనీ చేత మ్యాప్ గీయించారు. వాళ్ళు ఊరికి రాలేదు, కొండెక్కలేదు. ఉపగ్రహం కొలతలు, బాగా ముతకవి, అవి తీసుకున్నారు. అందులో ఈ గుంట పడనే పడదు. అబద్ధమాడారని కూడా అనలేను, వాళ్ళకి కనపడింది అంతే. మొత్తం ఆకుపచ్చ! ఇవాళ మధ్యాహ్నమే మంజూరైపోయిందని విమ్లేష్ గారు ఫోను చేశాడు.

ఏంటలా మొహం కప్పుకున్నావు? నవ్వా, ఏడుపా? ఫోను పెట్టేశాక నాకూ తెలియలేదులే.

చెప్తాను, ఊళ్ళో ఎందుకు చెప్పను! ఆదివారం చర్చిలో నిలబడి అందరికీ చెప్తాను. కానీ పిల్లల్ని గుండెల మీద పడుకోబెట్టుకుని నీళ్ళలో నిద్రపోయే తల్లికి, ఎప్పుడో విరిగే కొండ గురించి చెప్తే చెవికెక్కుతుందా? నువ్వే వినడం లేదు. మంజూరైందన్న మాట దగ్గరే ఆగిపోయావు. కళ్ళు చూడు ఎలా వెలుగుతున్నాయో!

తప్పు పట్టను. నీ స్థానంలో ఉంటే నేనూ అంతే.

ఒక్కటి చేసిపెట్టు మామయ్యా. ఊరి పెద్దవి, ఇళ్ళ స్థలాలు పంచేది నువ్వేగా. అమ్మకి మోకాళ్ళ నొప్పులని కింద, బడి పక్కన ఇద్దామనుకుంటున్నావు. వద్దు. అన్నిటికంటే పైన, ఆ గుంట దగ్గరి ఎరుపు మచ్చకి ఆనుకుని ఇవ్వు. నేనూ అక్కడికే వచ్చేస్తున్నాను. వాన పట్టినప్పుడల్లా మెలకువగా ఉండేవాళ్ళు ఒకరుండాలి కదా. కొండ కదిలితే ముందు నాకు వినపడాలి.

అరిచే వ్యవధి ఇస్తుందా అంటావా? ఏమో. ఇవ్వకపోతే ఏం చేస్తాం, ముందు మేమే పోతాం. ఈ మాట మాత్రం అమ్మతో అనకు. పైన గాలి బాగుంటుందని చెప్పు.