అక్క చెయ్యి

ఆ స్పూను ఇలా ఇచ్చి కూర్చో తల్లీ. ఇవాళ నేను దాంతో పాఠం కొట్టను. కోపం కాదే పిచ్చిమొహమా, ముందు మా అక్క సంగతి విను, తర్వాత ఎంతైనా అలుగుదువుగాని. మా అక్క గుండె మొదటిసారి ఎప్పుడు గుభేల్మందో నాకు బాగా తెలుసు, వాళ్ళింట్లోనే కూర్చుని చొక్కాలకి గుండీలు కుడుతున్నా. టెలిగ్రాఫాఫీసులో చేసి రిటైరైన ముసలాయన ఒకాయన, రిపేరుకిచ్చిన ఫ్యాను పట్టుకెళ్దామని వచ్చాడు. మా బావ మోటార్లకి వైండింగు చేసేవాడులే, ముందుగదంతా రాగితీగ ముక్కలే, చూసి అడుగెయ్యాలి. దానికి తోడు రేడియో పిచ్చి. పాటలొచ్చే రేడియో కాదు, ఇప్పుడు నువ్వు చదువుతున్నావే, ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడేది, ఆ హామ్ రేడియో. సెట్టు సొంతంగా కట్టుకుని మూల పెట్టుకున్నాడు. ఏం లాభం, లైసెన్సు లేకపోతే వినొచ్చుగానీ పలకకూడదు. పరీక్ష గట్టెక్కితేగానీ మీట మీద వేలు పెట్టడానికి లేదు. కరెంటు పాఠాలంటావా, ఆయనకి మంచినీళ్ళు. ఆ మోర్సు కోడు ఉందే, ఆ చుక్కలూ గీతల దగ్గరే చెవి నిలిచేది కాదు. అందుకని అక్క పుస్తకం చూసి తను నేర్చుకుని, రోజూ సాయంత్రం కుట్టుమిషను చెక్క మీద కత్తెర పిడితో టకటకా కొట్టేది, ఈయన రాసుకునేవాడు. అంత సేపూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు, నాకు నవ్వొచ్చేది.

ఏం చెప్తున్నా? ఆఁ, ముసలాయన. "ఏమోయ్, పరీక్షకి కూర్చుంటున్నావట, ఏదీ ఇది రాయి" అని స్క్రూడ్రైవరుతో బల్ల మీద నాలుగు మాటలు కొట్టాడు. బావ పెన్సిలు కదిలితే ఒట్టు! "ఏంటయ్యా, నిద్రొస్తోందా?" అన్నాడాయన. అక్క ఊరుకోలేక వంటింట్లోంచి అవే మాటలు గిన్నె మీద కొట్టింది. పెన్సిలు పరుగో పరుగు. ముసలాయన భలేభలే అని చప్పట్లు కొట్టాడు. అక్క మాత్రం గరిటె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. చెయ్యనేది, అదే కొట్టే తీరు, మనిషిమనిషికీ వేరే కదే, నడకలాగ. అక్కది చివరి గీత దగ్గర కాస్త సాగేది, కుట్టయ్యాక దారం లాగుతామే, అలాగ. బావ ఆ లాగుడు పట్టుకునే రాసేస్తున్నాడన్నమాట ఇన్నాళ్ళూ. "ఆ ముసలాయన చెయ్యి వణుకుతోందే" అన్నాడు బావ ఆయనెళ్ళాక. "లోకమంతా మీ పెళ్ళాంలాగే కొడుతుందనుకున్నారా?" అంది అక్క. పరీక్ష చూస్తే నెత్తిమీదుంది.

మర్నాటి నుంచి తన చేతిని తనే పాడుచేసుకోవడం మొదలెట్టింది. ఎడమచేత్తో కొట్టేది, కాలి బొటనవేలితో కొట్టేది. "ఇది మీ అమ్మగారు" అని ఊపిరి సలపకుండా దంచేసేది. "ఇది ఇంటి ఓనరు" అని అక్షరానికొకసారి దగ్గినట్టు ఆగి ఆగి. "ఇది మా చెల్లెలు" అనేది, నేనే! మాట్లాడేటప్పుడు సగం అక్షరాలు మింగేస్తానట. బావ పడీపడీ నవ్వేవాడు, నవ్వుతూనే రాసేవాడు. పాసయ్యాడు, అవకేం. ఆ రోజు ఆయన్ని పట్టడానికి ఇల్లు చాల్లేదు.

ఇక అక్కణ్ణుంచి మనిషి గోడవైపు తిరిగి కూర్చునేవాడు, చెవులకి హెడ్‌ఫోన్లు. ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క అన్నానికి రమ్మని కంచం మీద కొడుతోంది, తన పాత చేత్తో. ఆయనకేం వినిపిస్తుంది? చెడ్డవాడు కాదే, కొత్త మోజు. అక్క కంచం కింద పెట్టి, "పాసైతే చాలనుకున్నానే. ఇక ఎవరికి కొట్టను? ఇప్పుడు నేనేం చెయ్యాలి?" అంది నాతో. నువ్వే పరీక్ష రాయరాదా అంటే, "పక్కనున్నవాడు వింటే చాలే నాకు" అంది. "పోనీ నాకు నేర్పు" అన్నా. అలా వచ్చింది నాకిది. అక్క ఎలా కొట్టేదో అలాగే, ఆ లాగుడుతో సహా.

నిన్న నీ ఫోనులో పాఠం పెట్టుకున్నావు చూడు, నీ పెన్సిలు ఆగిపోయింది. నేను స్పూనుతో కొడితే పరిగెత్తింది. నువ్వు నవ్వావు, నాకు మాత్రం ఆ గుమ్మం కళ్ళముందు కనిపించింది. నీకొచ్చింది నా చెయ్యి కూడా కాదే, అక్కది. ఆవిడ పోయి ఎన్నేళ్ళయిందో! నీ పరీక్ష వచ్చేవారమాయె. అక్కలాగ వేషాలెయ్యడం నాకు రాదు తల్లీ, నాకున్నది ఆ ఒక్క చెయ్యే. అందుకని రేపట్నుంచి నువ్వు నా దగ్గరికి రావద్దు, ఆ ఫోనుతోనే కుస్తీ పట్టు.

నేనా? సాయంత్రాలు నేనేం చేస్తానా? ...ఏమో, నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?

...

నీ పక్కన కూర్చుని నన్నూ వింటూ రాయమంటావా? సరే, ఏదీ ఆ ఫోను పెట్టు. సౌండు కాస్త పెంచవే, నాకూ వినపడాలిగా.