పెద్ద మూతి పిస్తోల్

పోలీసోళ్లు అడిగిన్రు. వకీలు అడిగిండు. పేపరాయన ఫోన్ చేసి మరీ అడిగిండు. ఇగ నువ్వు సుత వచ్చి గదే అడిగితే నేనేం చెప్పాలె బిడ్డా? ఇరవై ఏడేండ్ల సంది గీ తుపాకుల దుకాణంల పని చేస్తున్న. లైసెన్స్ చూసినం, రిజిస్టర్ల ఎక్కిచ్చినం, సంతకం తీస్కున్నం, అమ్మినం. కొన్నోడు బయటికి పోయినంక ఏం చేస్తడో మాకెట్ల తెలుస్తది?

కూసో. గా స్టూలు వద్దు, ఊగుతది. గీ కుర్చీల కూసో.

మంజూషవు గదా నువ్వు. రాఘవేందర్ భార్యవు. పేపర్ల నీ ఫోటో చూసిన, దవాఖాన గేటు కాడ కూసున్నవు. యూసుఫ్‌గూడ కెల్లి పంజాగుట్ట దాక నడుసుకుంట వచ్చినవా, గీ ఎండల? ముందుగాల నీళ్లు తాగు.

ఆ పిస్తోల్ ఈడ లేదు. పోలీసోళ్లు జప్తు చేసిన్రు. చూపియ్యమంటే యాడికెల్లి తెచ్చి చూపియ్యాలె?

ఎట్లుంటదంటవా. గింతే ఉంటది. నీ అరచెయ్యికన్న జర పెద్ద. నల్లగ, పొట్టిగ ఉంటది. చేతిల పెడితే మాత్రం, గింత చిన్నదానికి గింత బరువేంది అనిపిస్తది.

కొన్నాయన ఎసుంటోడో తెలుసుకోవాలని ఉన్నదా నీకు? ఉంటది మరి. హనుమత్ప్రసాద్ గారంటే నువ్వేదో పెద్ద గూండా అనుకుంటున్నవేమో. కాదు. అమీర్‌పేట్‌ల కంప్యూటర్ కోర్సులు చెప్పే సారు. మెట్రో స్టేషన్ ఎన్క గల్లీల మూడో అంతస్తుల రెండు రూములు. తెనాలి దిక్కు మనిషి, యాభై దాటినయి. మొదటిసారి మా దుకాణానికి వచ్చినప్పుడు చెప్పులు బయట ఇడిసి లోపలికి వచ్చిండు. గిన్నేండ్లల్ల తుపాకుల దుకాణం ముందట చెప్పులు ఇడిసినోడు ఆయన ఒక్కడే.

చెయ్యికి అప్పటికింకా పట్టీ ఉండె. కుడి మణికట్టు.

ఆయనకొక పార్ట్‌నర్ ఉండెనట. పడక ఇడిపోయి, ఎదురుంగ ఇంకో ఇన్‌స్టిట్యూట్ పెట్టిండు. పిల్లలు మాత్రం గీ సారు దగ్గరికే వస్తున్నరు. ఒక దినం క్లాసు ఇడిసినంక సెల్లార్ల కారు తీస్తుంటె నలుగురు వచ్చిన్రు. రాడ్లు. మొకం కాపాడుకుందామని చెయ్యి అడ్డం పెట్టిండు, మణికట్టు రెండు ముక్కలయింది. కేసు పెడితే ఫోన్లు మొదలైనయి. ఒకడు రోజూ ఫోన్ చేసి, ఆయన ఏం రంగు అంగి ఏసుకున్నడో చెప్పి పెట్టేస్తుండెనట. ఇంకేం మాట్లాడడట. అంగి రంగు చెప్తడు, పెట్టేస్తడు.

భయపడడా మరి? నువ్వైతే భయపడవా, నేనైతే భయపడనా?

లైసెన్స్ వచ్చేసరికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పుడు వచ్చి ఎంచుకుందామని కూసున్నడు. నేను మూడు నాలుగు తీసి బట్ట మీద పెట్టిన. ముప్ఫై రెండు బోర్‌ది ఒకటి ఉండె, పల్చగ, తేలిగ్గ. సార్, మీ చెయ్యికి ఇదే సరైంది, అంగి కింద ఉన్నట్టే తెల్వదు అని చెప్పిన. నిజం చెప్పిన బిడ్డా. అప్పటిదాక నిజమే చెప్పిన.

ఆయన దాన్ని అటు ఇటు తిప్పి చూసిండు. దీనితో కొడితే మనిషి ఆగుతాడా అని అడిగిండు. తాకాల్సిన కాడ తాకితే ఆగుతడు అన్న. ఆయన తలకాయ అడ్డం ఊపిండు.

"నలుగురు వచ్చారండీ. నేను కిందపడి ఏడుస్తున్నా ఒక్కడూ ఆగలేదు. ఒక్క గుండుతో మనిషి పడిపోవాలి. కానీ నా దగ్గరుందని పిల్లలకి తెలియకూడదు. అలాంటిది ఉంటే చూపించండి."

పెద్ద గుండు కావాలె, చిన్నగ ఉండాలె. గసుంటిది మా దగ్గర ఒక్కటే ఉండె. ఎవరో మిలిటరీ ఆఫీసర్‌ది, ఫారిన్‌ది. ఆయన పోయినంక ఇంటోళ్లు తెచ్చి మాకిచ్చిన్రు. నలభై ఐదు బోర్. గుండు చిటికెనవేలంత లావు ఉంటది. తొమ్మిదేండ్లు మా లాకర్ల పడి ఉన్నది. నెలకొకసారి తీసి, నూనె పెట్టి, తుడిసి మళ్ల పెట్టేటోన్ని నేనే. దాని మీద నాకు పానం బిడ్డా. ఎందుకని అడగకు. పనిచేసే చెయ్యికి ఏదో ఒక సామాన్ మీద మనసైతది.

చిన్న పెయ్యి, పెద్ద గుండు. కాలిస్తే ఎగిరి తంతది. దాని పైభాగం ఎనకకు గుంజి ఇడిస్తెనే గుండు లోపల కూసుంటది. ఆయన గుంజిండు, రాలే. మళ్ల గుంజిండు. మూడోసారి మొకమంత ఎర్రగయింది, సగం దాక వచ్చి ఆగింది. విరిగి అతికిన మణికట్టుకు యాడ బలముంటది?

అప్పుడే దాన్ని తీసి లాకర్ల పెట్టేస్తే అయిపోతుండె. పెట్టలే.

మళ్ల వచ్చినప్పుడు భార్యను తోలుకొచ్చిండు. కమలకుమారమ్మ. ఆమె పిస్తోల్ దిక్కు చూడనే లేదు. ఆయన దాన్ని నడుముకు పెట్టుకొని, మీద అంగి ఇడిస్తె, ఆమె ఆయన సుట్టు తిరుగుకుంట చూసింది. కూర్చోండి అన్నది. వంగండి అన్నది. బోర్డు మీద రాస్తున్నట్టు చెయ్యి పైకెత్తమన్నది. చెయ్యి ఎత్తంగనె అంగి లేసి, పిడి బయటవడ్డది. ఇంకా పొడుగు అంగీలు కొనాలి అన్నది. అమీర్‌పేట్‌కే పోయి ఒక సైజు పెద్దవి ఆరు కొనుక్కొచ్చిన్రు. దుకాణం కెల్లి పోయేటప్పుడు నన్నొక్క మాటే అడిగింది.

"ఇంట్లో దీన్ని ఎక్కడ పెట్టాలండీ?"

బీరువల పెట్టి తాళమెయ్యాలమ్మా అన్న. ఆమె ఊఁ అన్నది. ఆయన యాడ పెట్టుకుంటడో ఆమెకు తెలుసు, నాకు సుత తెలుసు. దిండు కిందనే.

షూటింగ్ రేంజికి పోయి, ఆడ ఎవరో గుంజి ఇస్తె ఆరు గుండ్లు కాల్చి వచ్చిండు. మణికట్టు వాసి ఇంత లావయింది. మళ్ల పోలే.

తర్వాత నెలకు రెండు మాట్లు వస్తుండె నా దగ్గరికి. చెమటకు తుప్పు పడుతుందేమో చూడండి అని. నేను తుడుసుకుంట ఉంటె ఆయన రోడ్డు దిక్కే చూస్తుండేటోడు. ఆ బండివాడు రెండు సార్లు పోయాడండీ ఇటు అంటడు. ఆడు పక్క హోటల్‌కు పాలు పోసేటోడు బిడ్డా. చెప్పినా నమ్మడు. అర కిలోమీటర్ దూరానికి సుత కారే తీస్తుండె. మనిషి బక్కగయిండు. ముందుగాల భయమున్నప్పుడు గల్లీలు మార్చి పోయేటోడు. నడుముకు బరువు వచ్చినంక నడిరోడ్డు మీద ఆగి, ఎవడు వస్తడో రానీ అన్నట్టు చూసుడు మొదలువెట్టిండు. గది ధైర్యం కాదు. భయమే, ఇంకో రూపంల.

ఆ దినం సంగతి నీకే ఎక్కువ తెలుసు. నేను చెప్పాల్నా? సరే.

పగటీలి. అమీర్‌పేట్ కెల్లి పంజాగుట్ట దిక్కు వస్తుండు సారు. మెట్రో పిల్లర్ల కింద బండ్లు ఆగి ఆగి పోతున్నయి. ఈయన కారు పోయి మీ ఆయన బండికి రాసుకున్నది. మీ ఆయన ఏసీ రిపేర్ పనికి పోతుండెనట గదా, సామాన్ల సంచి ముందట పెట్టుకొని. బండి అద్దం విరిగి రోడ్డు మీద పడ్డది. బండి స్టాండ్ వేసి, అద్దం తీస్కొని, సారు కిటికీ కాడికి వచ్చిండు. చూడు సార్, ఏం చేసినవో అని చూపిద్దామని. గంతే గదా? ఎవరన్న గంతే చేస్తరు.

అద్దానికి కాడ ఉంటది సూడు, ఇనుపది. ఈయనకు చెయ్యి కనబడ్డది, చేతిల ఇనుము కనబడ్డది. మొకం చూసిండో లేదో నాకు తెల్వదు.

మీ ఆయన ఒక్కసారి ఎనకకు జరిగిండు. ఎనక నించి బస్సు వస్తున్నది. డ్రైవర్ తప్పేం లేదు, రెండడుగుల జాగ కూడ లేదు ఆడ.

ఒక్క గుండు కాల్చలే. గది పట్టుకునే సారు తరఫు వకీలు ఆడుకుంటున్నడు. గుండు కాల్చలేదు, బెదిరించలేదు, సీటు బెల్టు తీస్తుంటె అంగి పైకి లేసింది, పిస్తోల్ కనబడ్డది, మీ ఆయన బెదిరి జరిగిండు అని కాయితం రాసిన్రట. కెమెరా ఆ దిక్కు లేదట. చూపిచ్చుడు వేరు, కనబడుడు వేరు. ఆ రెండు మాటల నడుమనే ఉన్నది గదా నీ కేసంత.

గందుకే వచ్చినవు నువ్వు. తెలుసు నాకు. నువ్వు లోపలికి రాంగనే తెలుసు.

ఎవరు చెప్పిన్రు నీకు నా పేరు? కమలకుమారమ్మనా? ... ఆమెనే వచ్చిందా మీ ఇంటికి? ఏమన్నది? సారయ్యను అడుగు అన్నదా. ఇంకేం అన్లేదా?

మ్.

పోలీసోళ్లకు నేనేం చెప్పిన అంటె, అమ్మిన, అంతే, నాకేం తెల్వదు అన్న. మా ఓనర్ పక్కనే నిలవడి ఉన్నడు. దుకాణం లైసెన్స్ పోతదని ఆయన భయం. గీ వయసుల ఇంకో పని ఎవరిస్తరని నా భయం. అందరికి భయాలే. నీ పెనిమిటి ఒక్కడే పగటీలి భయం లేకుంట ఒక కారు కిటికీ కాడికి పోయిండు.

చూపిచ్చిండు బిడ్డా. అంగి లేసుడు గిట్ల ఏం లేదు. చేతిల పట్టుకొని, కారు కిటికీ అద్దానికి ఆనిచ్చి, మీ ఆయన మొకానికి సూటిగ చూపిచ్చిండు. నాకెట్ల తెలుసంటె, ఆయన నాకు ఫోన్ చేసిండు. పోలీసుకు కాదు, భార్యకు కాదు, మొదటి ఫోన్ నాకే. పన్నెండు నలభైకి. ఇదిగో, నా ఫోన్ల ఉన్నది, తీసెయ్యలే నేను. చూడు.

నాకే ఎందుకు చేసిండంటవు. చెప్త. ఆయనకు ఆ పని నేర్పినోన్ని నేనే.

ఆ దినం మూడు మాట్లు గుంజినా రాక, మొకం చిన్న చేసుకొని, ఇది నా వల్ల కాదేమోనండీ అని కింద పెట్టిండు. నాకేమో దాన్ని మళ్ల ఆ చీకటి లాకర్ల పెట్టబుద్ధి కాలే. మూతి ఆయన దిక్కు తిప్పి పట్టుకున్న. లోపల గుండు లేదు, ఆయనకు సుత తెలుసు. అయినా ఎనకకు జరిగిండు. చూసిన్రా సార్ అన్న. చిన్న బోర్‌వైతే అగ్గిపుల్ల పట్టేంత బొక్క ఉంటది, ఎవడూ భయపడడు. దీని మూతి చూసినోడు నిలవడడు. మీరు గుంజుడు వద్దు, కాల్చుడు వద్దు. మొకానికి చూపియ్యుండ్రి, చాలు.

గా మాటకే కొన్నడు.

వస్త, నడువు. స్టేషన్‌కే పోదాం. ఓనర్ భోజనానికి పోయిండు, వచ్చేలోపట పోదాం. అన్నీ చెప్త, సంతకం పెడ్త. ఈ ఫోన్ సుత ఇచ్చేస్త.

ఆగు. ఇంకొకటి ఉన్నది. ఇది పోలీసోళ్లకు అక్కెర లేదు. నీకు చెప్పకుంటె మాత్రం నాకు అన్నం పోతలేదు.

నేను ఫోన్ ఎత్తంగనె, సారయ్య గారూ, చూపించానండీ, మీరు చెప్పినట్టే, వెనక్కి వెళ్లిపోయాడు అన్నడు. ఇంకా ఏదో చెప్పబోయిండు. నేను చెప్పనియ్యలే.

"మరి నేను చెప్పలేదా సార్" అన్న.

నవ్విన బిడ్డా. తొమ్మిదేండ్లు నూనె పెట్టి తుడిసిన, పనికొచ్చింది అని నవ్విన. ఎనక బస్సు హారన్, ఎవరో ఆడమనిషి మొత్తుకుంటున్నది, నాకు వినవడుతనే ఉన్నయి. పంజాగుట్టల రోజూ ఉండే లొల్లే అనుకున్న.

తర్వాత పోలీసోళ్ల కాడ దవాఖాన కాయితం చూసిన. ఇంకో ఇరవై నిమిషాలు పానం ఉండెనట మీ ఆయనకు. నేను నవ్వినప్పుడు నీ పెనిమిటి రోడ్డు మీద బతికే ఉన్నడు.