పదో పుస్తకం

గోడౌన్‌లో మూటలు మోసే ఒకాయన, రేణిగుంట గ్రంథాలయంలో లైబ్రేరియన్ బల్లమీద లావుపాటి పుస్తకం ఒకటి పెట్టాడు.

“ఇదే ఆఖరిది సార్. మా ఇంటామె సువార్త పోయిన బేస్తవారం చనిపోయింది.”

“అయ్యో! ఈ ఒక్క నెల్లోనే పది పుస్తకాలు చదివింది కదప్పా ఆయమ్మ. చీటీలో పేరు రాసి నిన్ను పంపించేది.”

“నాకు చదువు రాదు సార్. రోజూ సాయంత్రం ఆమే చెప్పేది. రెక్కల గుర్రాలు, రాచ్చసులు, అన్నీ మాయల కతలే.”

“తొమ్మిదే కతలు. ఇది కత కాదప్పా.”

“మరేంది సార్?”

“క్యాన్సర్ గురించి ఒక డాక్టర్ రాసిన పుస్తకం. ఇదే కావాలని చీటీలో రాసింది. నీకు తెలుసనుకున్నాను.”

“ఆమెకు క్యాన్సరని మేం చెప్పనేలేదు సార్! నేనూ డాక్టరూ అల్సరనే చెప్తా వచ్చినాం. దీన్ని నా చేత్తోనే తీసకపోయి ఇచ్చినానే!”

“చదవలేదేమోలే అప్పా.”

“చదివింది సార్. దీన్ని గూడా నాకు కతలాగానే చెప్పింది. రాణి కడుపులో రాచ్చసుడు దూరినాడంట. ఆ సంగతి రాణికి తెలుసునా అని అడిగినాను.”

“ఏమనింది?”

“‘తెలుసు. రాజు దిగులుపడతాడని తెలీనట్టు ఉండాది’ అనింది.”

“నువ్వేమన్నావు?”

“పక్కనే ఉండి కనిపెట్టలేకపోయినాడా, ఆ రాజెంత పిచ్చోడని నవ్వినాను సార్. ఆమె గూడా నవ్వింది.”