సరస్సుకి కుట్టిన జిప్పు

జిప్పు మేస్త్రి కథ మొదలుపెట్టాలంటే ముందు చేతిలో టీ గ్లాసు పక్కన పెడతాడు. రెండు చేతులూ ఖాళీగా లేకపోతే ఆయనకి నోరు పెగలదు. ఆ మధ్యాహ్నం ఆయన గ్లాసు అలా బల్ల మీద పెట్టగానే, ఎదురుగా ఫారం నింపుతున్న మేనకోడలు కలం ఆపింది. ఐదింటికల్లా ఆ ఫారం పార్కు ఆఫీసు కిటికీలో ఇచ్చెయ్యాలి. అప్పటికే మూడున్నర.

మేస్త్రిది బ్యాగులూ టెంట్లూ బాగుచేసే కొట్టు. దాన్నానుకునే ఈ టీ కొట్టు. మేనకోడలు పన్నెండేళ్ళుగా మావయ్య దగ్గరే రెండో మిషను మీద పని చేస్తోంది. చిరిగొచ్చిన టెంట్లు కుట్టీ కుట్టీ, అవి చూసొచ్చిన కొండలు తనూ చూడాలని మూడేళ్ళుగా ఒకటే కోరిక. ఆస్పత్రి నర్సు ఒకామె, సిటీ బస్సు డ్రైవరు ఒకతను తోడు దొరికారు, ఇద్దరూ ఇవాళ ఆ బల్ల దగ్గరే ఉన్నారు. ముగ్గురికీ కలిపి సెలవు దొరికింది మాత్రం చలికాలం మొదట్లోనే. కొండల పార్కులో తొమ్మిది రోజుల నడక. మంచు మొదలైందంటే, ఆ దారి ముందే నడిచిన మనిషి లీడరుగా సంతకం పెట్టనిదే పార్కువాళ్ళు లోపలికి పోనివ్వరు.

"లీడరు కోసం ఊరంతా వెతుకుతారేమే, నేను లేనూ?" అన్నాడు మేస్త్రి పోయినవారం.

ఆ కొండల్ని ఆయన ఒంటరిగా దాటొచ్చిన సంగతి వీధిలో అందరూ విన్నదే. మేనకోడలు చిన్నప్పట్నుంచీ వింది, నమ్మింది. కొట్లో పై మేకుకి వేలాడే ఎర్ర బ్యాగే దానికి సాక్ష్యం. ఎవరినీ దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదాయన. అందుకే ఫారంలో అన్నీ నింపి, లీడరు గడి ఒక్కటీ ఆయన కోసం వదిలింది.

"మావయ్యా, ఎన్ని రోజులు నడిచావు? రాయాలి," అంది కలం పట్టుకుని.

"పదకొండు. ఇదేదో గొప్పని చెప్పడం లేదు, నేనూ మీలాంటి మామూలు మనిషినే."

"మరి బరువెంత మోశారు మేస్త్రిగారూ?" అనడిగాడు డ్రైవరు. అతని చేతిలో సామాన్ల జాబితా ఉంది. "మాది తలకి పద్దెనిమిది కిలోలు తేలుతోంది."

"పద్దెనిమిదా! బాబూ, అది నడక కాదు, ఇల్లు మారడం. నా ప్లానింగు విను. టూత్‌బ్రష్షు పిడి కోసేశాను. సబ్బు మీద కంపెనీ పేరు గీకేశాను. చొక్కా గుండీలు ఒకటి విడిచి ఒకటి పీకేశాను. మ్యాపులో నేను ఎక్కని కొండలన్నీ కత్తిరించి ఇంట్లో పెట్టేశాను, ఎక్కని కొండని మొయ్యడం దేనికి? అప్పటికీ ఇంకా వంద గ్రాములు ఎక్కువ. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? గుండు కొట్టించుకున్నాను!"

"నీకు జుట్టెప్పుడుందయ్యా మేస్త్రీ?" అన్నాడు టీ కొట్టాయన పాలగిన్నె కలుపుతూ.

"అదే కదా నేను చెప్పేది! అప్పుడు పోయింది, మళ్ళీ తిరిగొచ్చిందా?"

అందరూ పకపకా నవ్వారు. మేనకోడలూ నవ్వింది. నవ్వుతూనే గోడ గడియారం చూసింది.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకోవాలి? మ్యాపులో ఆరు చెక్క గుడిసెలు ఉన్నాయి. చలికాలంలో తాళాలు వేస్తారా, తీసి ఉంచుతారా?" అని అడిగింది నర్సు. ఆమె చేతిలో నోటు పుస్తకం. అడిగిన ప్రతిదానికీ జవాబు రాసుకుంటోంది.

"గుడిసెల సంగతి నన్నా అడుగుతున్నావు తల్లీ? అవి వెలిసిందే నావల్ల. మొదటి రోజు టెంటులో పడుకున్నా. నా ఊపిరి వెచ్చగా వెళ్ళి గుడ్డకి తగలడం, అక్కడే గడ్డకట్టడం, పొర మీద పొర, పొర మీద పొర. పొద్దున్నే లేచి టెంటు విప్పి మడత పెట్టానా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుడ్డ నా చేతిలో ఉంది, టెంటు మాత్రం అక్కడే నిలబడి ఉంది! అచ్చంగా మంచుది, తలుపుతో సహా. పద్నాలుగు రోజుల్లో అలాంటివి పద్నాలుగు వదిలొచ్చా. వెనక వచ్చినవాళ్ళు వాటికే చెక్కలు తొడిగారు, పార్కువాళ్ళు నంబర్లేసుకున్నారు."

"ఇందాక పదకొండు రోజులన్నారు," అన్నాడు డ్రైవరు.

"వెళ్ళడానికి పదకొండు. మళ్ళీ రావద్దూ?"

"రావడానికి మూడేనా?"

"దిగుడు కదయ్యా. పైగా బ్యాగు నేను మొయ్యలేదుగా! అది చెప్పలేదు కదూ? ఏడో రోజు ఓ ఎలుగుబంటి కుంటుకుంటూ వచ్చింది. చూస్తే అరికాల్లో ఎవరిదో టెంటు మేకు దిగి ఉంది. మన చేతిలో ఉన్న విద్యే కదా, కటింగు ప్లయరుతో లాగేసి, రెండు కుట్లు వేశాను. పాపం మూగజీవి, దానికి మాత్రం విశ్వాసం ఉండదూ? అక్కణ్ణుంచి బ్యాగు అదే మోసింది. వెనకాల నేను చేతులూపుకుంటూ నడిచా. ఎదురొచ్చినవాళ్ళు దానికే ముందు నమస్కారం పెట్టేవాళ్ళు, అదే లీడరనుకుని."

టీ కొట్టాయన పొయ్యి తగ్గించి ఇవతలికి వచ్చి నిలబడ్డాడు. మేస్త్రి ముఖం వెలిగిపోయింది. వినేవాళ్ళు ఒక్కరు పెరిగితే చాలు, ఆయన కథకి ఒక కొండ పెరుగుతుంది.

మేనకోడలు మాత్రం కుర్చీ ముందుకి లాక్కుంది.

"మావయ్యా, తమాషా తర్వాత. నాలుగో రోజు దారంతా సరస్సు మీదుగానే ఉంది. అప్పటికి అది గడ్డకట్టి ఉంటుందా? నడిస్తే ఆగుతుందా? గడ్డకట్టేస్తే తాగడానికి నీళ్ళెక్కడ? ఇదొక్కటీ సరిగ్గా చెప్పు."

"అద్దీ! అసలు కథ అడిగావు," అని మేస్త్రి చొక్కా చేతులు పైకి మడిచాడు. "ఇరవై ఒక్క రోజుల్లో..."

"ఇరవై ఒకటా?" అంది నర్సు.

"దారిలో విశ్రాంతి తీసుకోనా తల్లీ, నేనూ మనిషినేగా? సరస్సు నట్టనడుమ ఉన్నాను. ఈ ఒడ్డు కనపడదు, ఆ ఒడ్డు కనపడదు. కాళ్ళ కింద పట్‌మని చప్పుడు. చూస్తే మంచు ఈ చివర్నుంచి ఆ చివరికి చీలిపోతోంది, పాత చీర చిరిగినట్టు. ఇంకొకడైతే పరిగెత్తేవాడు. నేను బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. జేబులోంచి సూది తీశాను, నైలాను దారం ఎక్కించాను. మామూలు కుట్టు ఆగదక్కడ, కింద నీళ్ళు లాగుతాయి. వెనక్కుట్టు వేసుకుంటూ పోయాను. సగం కుట్టాక ఆలోచన వచ్చింది. మొత్తం కుట్టేస్తే వెనకాల వచ్చేవాళ్ళు తాగడానికి నీళ్ళెలాగ? ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కుట్టిందంతా విప్పి, జిప్పు వేసేశాను!"

"ఎంత నంబరు జిప్పు?" అన్నాడు టీ కొట్టాయన, నవ్వాపుకుంటూ.

"పదో నంబరు, లావు పళ్ళది. ఐదు వేస్తే చేపలు తోసేస్తాయి. రన్నరు అవతలి ఒడ్డున రాయికి కట్టి ఉంచా. మీరు వెళ్ళగానే లాగండి, కడుపునిండా తాగండి, మళ్ళీ మూసెయ్యండి. మూయడం మరిచిపోకండేం, చేపలకి చలి."

డ్రైవరు పొట్ట పట్టుకున్నాడు. టీ కొట్టాయనకి పొలమారింది. నర్సు కూడా నవ్వింది గానీ, నోటు పుస్తకంలో 'నాలుగో రోజు, నీళ్ళు' అని రాసుకున్న చోట ప్రశ్న గుర్తు పెట్టింది. దాని పైన రెండు ప్రశ్న గుర్తులు అప్పటికే ఉన్నాయి.

మేనకోడలు ఆ మూడు గుర్తుల్నీ చూసింది. బరువు, గుడిసెలు, నీళ్ళు, అడిగింది మూడే మూడు. ఒక్కదానికైనా జవాబు రాలేదు. ఈయన్ని నమ్ముకుని తను ఇద్దరు మనుషుల్ని గడ్డకట్టిన నీళ్ళ మీదికి తీసుకెళ్ళబోతోంది.

"ఇలా తే, ఎక్కడ పెట్టాలి సంతకం?" అని మేస్త్రి కలం అందుకున్నాడు.

"ఆగు మావయ్యా. ఆ ఎర్ర బ్యాగు ఒకసారి దించుతా."

"ఇప్పుడు దాంతో పనేంటే? దుమ్ము..."

ఆమె అప్పటికే కొట్లోకి వెళ్ళి, కర్రతో బ్యాగు దించి తెచ్చింది. టీ బల్ల మీద పెట్టి, నడుం బెల్టు తిప్పి చూసింది. చూస్తుంటే ఆమెకి ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. తొమ్మిది రోజుల నడక అక్కడే ఆ బల్ల మీదే అయిపోయిందని తెలుస్తూనే ఉంది.

"నువ్వే నేర్పావు. బ్యాగు ఎంత తిరిగిందో మనిషిని అడగక్కర్లేదు, నడుం బెల్టు చూస్తే చాలన్నావు. వారం మోస్తే చెమట ఉప్పు తెల్లగా గీత కడుతుందన్నావు, లోపల స్పాంజి అణిగిపోతుందన్నావు. దీనికి గీత లేదు. స్పాంజి కొత్త దిండులా ఉంది."

"ఎలుగుబంటి మోసిందని చెప్పా కదే! దాని నడుం వేరు..."

మేనకోడలు బ్యాగు పై జిప్పు లాగింది. లోపల్నుంచి ఉండ చుట్టిన కాగితం ఒకటి బల్ల మీదికి దొర్లింది. కొత్త బ్యాగు ఆకారం చెడకుండా అమ్మేవాళ్ళు కుక్కే కాగితం. రెండోది వచ్చింది, మూడోది వచ్చింది. బల్లంతా కాగితపు ఉండలే.

"మేస్త్రీ," అన్నాడు టీ కొట్టాయన నెమ్మదిగా, "ఇరవై ఒక్క రోజులూ ఇవే తిన్నావా?"

మేస్త్రి పక్కన పెట్టిన టీ గ్లాసు తీసి చేతిలో పట్టుకున్నాడు. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"పార్కు గేటు దాకా వెళ్ళానే," అన్నాడు చివరికి. "బస్సు దిగాను. మంచు పడుతోంది. పైకి చూశాను. అదే బస్సెక్కి వచ్చేశాను. ఇంటికొస్తే అందరూ ఎలా ఉందని అడిగారు. ఒక్క రోజుదే చెప్పానే మొదట, ఒట్టు. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. మర్నాడు రెండో రోజుది అడిగారు."

డ్రైవరు సామాన్ల జాబితా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేనకోడలు ఫారం దగ్గరికి లాక్కుంది. తర్వాత కలం తీసుకుని 'తొమ్మిది రోజులు' కొట్టేసి 'రెండు రోజులు' అని రాసింది. మొదటి గుడిసె దాకా వెళ్ళి రావడానికి లీడరు అక్కర్లేదని ఫారం వెనకే ఉంది. నర్సు చూసి తలూపింది. డ్రైవరు జాబితా మళ్ళీ బయటికి తీశాడు.

మేనకోడలు ఫారం కింద నాలుగో మనిషి గడిలో కూడా ఏదో రాసి, కాగితం మావయ్య ముందుకి తోసింది. బంధుత్వం, మేనమామ. అనుభవం, లేదు.

మేస్త్రి అది ఒకటికి రెండుసార్లు చదివాడు. లేచి ఎర్ర బ్యాగు భుజాలకి తగిలించుకుని, నడుం బెల్టు పెట్టుకోబోయాడు. అది ఎటునుంచి ఎటు లాగాలో తెలియక తడబడుతుంటే మేనకోడలే వచ్చి పెట్టింది. ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి, పక్కవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమే అమ్మడూ, అక్కడ నిజంగా చలి అంత ఎక్కువుంటుందంటావా?"